మన్ను లేని ఊరు

హషిమాలో ఎవరూ ఇల్లు కట్టుకోలేదు, కొనుక్కోలేదు, కొడుక్కి రాసివ్వలేదు. మిత్సుబిషి కంపెనీ ఆ దీవిని ఏలిన 84 ఏళ్లలో అక్కడ పెళ్లిళ్లు జరిగాయి, పురుళ్లు జరిగాయి, ఇరుగుపొరుగు తగవులు జరిగాయి, మనుషులు ముసలివాళ్లయ్యారు. ఇది నాది అని చెప్పుకోవడానికి మాత్రం ఒక్కరికీ చారెడు నేల లేదు. చచ్చాక కావలసిన ఆరడుగుల నేల కూడా దొరకలేదు. శవాన్ని పడవెక్కించి, పక్కనున్న నకనోషిమా అనే రాతిదిబ్బ మీదికి తీసుకెళ్లి దహనం చేసేవాళ్లు.

జపాన్ పడమటి కొసన, నాగసాకి నగరానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో సముద్రంలో ఉంది హషిమా. విస్తీర్ణం 6.3 హెక్టార్లు, మన లెక్కలో పదిహేనున్నర ఎకరాలు. ఒక మోస్తరు రైతు కమతమంత. 1959లో అందులో 5,259 మంది ఉన్నారు. చదరపు కిలోమీటరుకు 83 వేల మంది పైమాటే. భూమ్మీద మనుషులు అంత కిక్కిరిసి బతికిన చోట్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మరో పదిహేనేళ్లకు, 1974 ఏప్రిల్ 20న, ఆఖరి మనిషి పడవెక్కాడు. ఆ మర్నాటి నుంచి అక్కడ దీపం పెట్టే దిక్కు లేదు.

ఊళ్లు పాడుపడటం కొత్తేమీ కాదు. కరువుకు, కలరాకు ఖాళీ అయిన ఊళ్లు, నది దారి మళ్లితే కొట్టుకుపోయిన ఊళ్లు, ఆనకట్ట కింద మునిగిన ఊళ్లు మనకు తెలుసు. హషిమాకు అలాంటి ఆపదేదీ రాలేదు. మేడలు నిలబడే ఉన్నాయి. కుళాయిల్లో నీళ్లు వస్తున్నాయి. బడిలో పిల్లలు పాఠాలు వల్లెవేస్తున్నారు. జీతం ఇచ్చే చెయ్యి ఆగిపోయింది, అంతే. మూడు నెలల్లో ఊరు లేదు.

మొదట అది దీవి అనడానికి కూడా తగని రాయి. 1810 ప్రాంతంలో దాని మీద బొగ్గు కనిపించింది. ఎదుటి ఒడ్డున ఉన్న ఫుకహోరి సామంతుల హయాంలో పైపైన తవ్వుకునేవాళ్లు. ఆవిరి ఓడలు వచ్చాక బొగ్గు విలువ మారిపోయింది. నాగసాకిలో మకాం వేసిన స్కాట్లాండు వ్యాపారి థామస్ గ్లోవర్, సగా సంస్థానంతో చేతులు కలిపి పక్కనున్న తకాషిమా దీవిలో 1868లో ఆవిరి యంత్రంతో నడిచే గని పని మొదలుపెట్టాడు. జపాన్‌లో ఆ తరహా గని అదే మొదటిది. 1881లో ఆ తకాషిమాను మిత్సుబిషి వ్యవస్థాపకుడు ఇవాసాకి యతారో కొన్నాడు. 1890లో ఆయన వారసులు లక్ష యెన్లు పోసి హషిమాను కూడా కొన్నారు. ఒక రాయికి లక్ష యెన్లు! కొన్నది రాయిని కాదు మరి, దాని అడుగున సముద్రం కింద పరుచుకున్న బొగ్గు పొరల్ని.

తవ్వకం మొదలైతే బొగ్గుతో పాటు పనికిరాని రాయీ రప్పా గుట్టలుగా పైకొస్తాయి. రాయి చుట్టూ సముద్రంలో గోడ కట్టి, ఆ సందులో దాన్నే పోశారు. అది నిండాక మరి కాస్త ముందుకు జరిగి మరో గోడ కట్టారు. 1897 నుంచి 1931 దాకా ఆరు విడతలుగా ఇలా నింపితే దీవి మూడింతలైంది. చివరికి తేలిన కొలత 480 మీటర్ల పొడవు, 160 మీటర్ల వెడల్పు. పాత గోడలు సున్నమూ ఎర్రమట్టీ కలిపిన గారతో రాళ్లు పేర్చి కట్టినవి, తర్వాతివి కాంక్రీటువి. జనం నడిచిన నేలలో చాలా భాగం గని కక్కిందే. గింజ నాటితే మొలకెత్తే మన్ను అక్కడ దోసెడు లేదు.

మనుషుల్ని తెచ్చిన తీరు కూడా చెప్పుకోవాలి. ఆ తొలి రోజుల్లో ఈ దీవుల్లో కూలీలు కంపెనీ మనుషులు కారు, మేస్త్రీల మనుషులు. బయానా చేతిలో పెట్టి, అప్పుకు కట్టేసి, ఓడెక్కించి తెచ్చి కొట్టాల్లో కుక్కేవాళ్లు. పారిపోబోయి దొరికితే చావబాదేవాళ్లు. తకాషిమా గనిలో జరుగుతున్న ఈ వెట్టిని 1888లో ‘నిహోన్‌జిన్’ అనే పత్రిక బయటపెడితే దేశమంతా గగ్గోలెత్తింది. ఆ గగ్గోలు లేచిన రెండేళ్లకే హషిమా కొనుగోలు జరిగింది. చుట్టూ ఈదలేని నీళ్లున్న చోట కాపలాకు పెద్దగా ఖర్చుండదని కంపెనీ లెక్క వేసుకుందో లేదో గానీ, ఆ వసతి మాత్రం దానికి దక్కింది.

ఏటేటా తుపాన్లు చెక్క ఇళ్లను పీకేసేవి. అడ్డంగా పెరగడానికి చోటు లేదు. అందుకే 1916లో కంపెనీ నిలువునా కట్టింది. 30వ నంబరు భవనం జపాన్‌లో ఉక్కు కాంక్రీటుతో కట్టిన మొట్టమొదటి ఎత్తయిన నివాస భవనం. మొదట నాలుగంతస్తులు, తర్వాత ఏడుకు పెంచారు. నడుమ చతురస్రంగా వెలుతురు గొయ్యి, దాని చుట్టూ మెట్లు, వసారాలు, గదులు. ఒక్కో కుటుంబానికి ఆరు చాపల గది, అంటే పది చదరపు మీటర్లు, పక్కనే చిన్న వంటచోటు. రెండేళ్లకు రోజుకూలీల కోసం తొమ్మిదంతస్తుల భవనాలు వరసగా లేచాయి. టోక్యోలో జనం ఇంకా చెక్క ఇళ్లలో ఉన్న రోజుల్లో, ఈ సముద్రపు రాయి మీద గని కూలీలు తొమ్మిదో అంతస్తులో కాపురాలు పెట్టారు.

దూరం నుంచి చూస్తే పొగ చిమ్ముతూ నిలిచిన యుద్ధనౌకలా కనిపించేదట. నాగసాకిలో మిత్సుబిషి వాళ్లే కడుతున్న ‘తోసా’ అనే యుద్ధనౌకతో పత్రికలు పోల్చాయి. అలా దానికి గుంకన్‌జిమా, యుద్ధనౌక దీవి, అనే పేరు స్థిరపడింది. ఆ తోసా జాతకం కూడా అంతంతమాత్రమే. 1921లో నీళ్లలోకి దిగింది గానీ, యుద్ధనౌకలకు పరిమితి పెట్టిన వాషింగ్టన్ ఒప్పందం వల్ల నిర్మాణం ఆగిపోయి, ఫిరంగుల పరీక్షకు గురిగా మారి, ఒక్క యుద్ధం చూడకుండానే 1925లో సముద్రంలో మునిగింది. ఏ ఓడ పేరు మీద దీవికి ఖ్యాతి వచ్చిందో ఆ ఓడ ఎక్కడికీ వెళ్లలేదు.

ఇక ఊరి సంగతి.

నాగసాకి నుంచి యూగావో మారు అనే ఆవిరి పడవ వచ్చేది. 1887 నాటి ఆ పడవ 1962 దాకా ఈ దారిలోనే తిరిగింది. చాలాకాలం దీవికి సరైన రేవు లేదు. పెద్ద పడవ కాస్త దూరంలో ఆగితే చిన్న పడవలోకి దిగి, అల పైకి లేచిన అదను చూసి గట్టుమీదికి అంగ వేయాలి. చంటిపిల్లల తల్లులు, ముసలివాళ్లు, పెళ్లికూతుళ్లు, బడికి కొత్తగా వచ్చిన పంతుళ్లు అందరూ అలాగే దిగారు. కట్టిన రేవుల్ని తుపాన్లు రెండుసార్లు ఎత్తుకుపోయాయి. మూడోది 1962లో నిలబడింది. ఊరికి ఇంకో పన్నెండేళ్లే ఆయుష్షుందని అప్పుడెవరికి తెలుసు!

ఊళ్లో బండి అన్నది లేదు. సైకిలుకు కూడా పని లేదు. వీధులంటే మేడల మధ్య సందులు, మెట్లు. భవనానికీ భవనానికీ నడుమ పై అంతస్తుల్లో వంతెనలు. వాన రోజున గొడుగు లేకుండా దీవి ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లొచ్చని చెప్పుకునేవాళ్లు. నిట్టనిలువుగా ఎక్కే ఒక పొడుగాటి మెట్లదారికి నరకపు మెట్లని పేరు. గాలి తిరిగినప్పుడు అలలు గోడ దాటి, మేడల నెత్తిన ఎగిరి, అవతలి సందులో పడేవి. ఆ సందును ఉప్పువాన వీధి అనేవాళ్లు. తుపాను వస్తే కొంతమంది పైకప్పుల మీదికెక్కి అలల్ని వేడుకలా చూసేవాళ్లట. చావుతో రోజూ ముఖాముఖి ఉండేవాళ్లకు అది కూడా వినోదమే.

నడిబొడ్డున ఒక సన్నటి సందు ఉండేది. టోక్యోలోని గొప్ప బజారు పేరు పెట్టి దాన్ని హషిమా గింజా అనుకునేవాళ్లు. పొద్దున్నే ఎదుటి ఒడ్డు నుంచి ఆడవాళ్లు కూరగాయలు, చేపలు పడవల్లో తెచ్చి అక్కడ పరిచేవాళ్లు. గాలివాన పట్టుకుంటే పడవ రాదు, బజారు లేదు, ఇంట్లో ఉన్నదాంతోనే సర్దుకోవాలి. 1927లో షోవాకాన్ అనే సినిమాహాలు వచ్చింది. మంగలి కొట్టు, ఆసుపత్రి, సారా కొట్టు, పాచింకో ఆట అన్నీ ఉండేవి. ఒకప్పుడు వేశ్యల ఇళ్లూ ఉండేవి. బౌద్ధుల్లో ఎన్ని శాఖలున్నా గుడి ఒక్కటే, అన్ని శాఖల కర్మకాండలూ ఒకే పూజారి జరిపించేవాడు. రాయి నెత్తిన షింటో గుడి. ఏప్రిల్ 3న కొండదేవుడి పండగనాడు గని పని ఆపి పల్లకీ మోసేవాళ్లు. పోలీసులు ఇద్దరే. దొంగ పారిపోయి మాత్రం ఎక్కడికి పోతాడు?

నీళ్ల బాధ మాత్రం మామూలు బాధ కాదు. మొదట్లో సముద్రపు నీటిని మరిగించి తాగునీరు చేసుకున్నారు. తర్వాత నీళ్ల ఓడ రావడం మొదలైంది. టిక్కెట్టు ఇచ్చి బిందెలు నింపుకుని, కావడి మోస్తూ ఏడో అంతస్తుకూ తొమ్మిదో అంతస్తుకూ ఎక్కిన ఆడవాళ్ల మోకాళ్లను అడగాలి ఆ సంగతి. గాలివాన నాలుగు రోజులు పడితే నీళ్లకు రేషను. 1957లో ఎదుటి ఒడ్డు నుంచి సముద్రం అడుగున ఆరున్నర కిలోమీటర్ల గొట్టం వేశాక ఆ కావడి దిగింది.

గనిలోకి వెళ్దాం. ఇనుప బోనులో నిలబడితే సెకనుకు ఎనిమిది మీటర్ల వేగంతో ఆరు వందల మీటర్లు దించేవాళ్లు. కొత్తవాడికి కడుపులో పేగులు గొంతులోకి వచ్చినట్టయ్యేది. అక్కడి నుంచి ఏటవాలు దారుల్లో ఇంకా కిందికి, సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైగా దిగువకు. బొగ్గు పొర చదునుగా ఉండదు, నిటారుగా వాలి ఉంటుంది, కాలు ఆనదు. ఎండాకాలం లేదు, చలికాలం లేదు. ఎప్పుడూ ముప్పై డిగ్రీల పైన వేడి, తొంభై ఐదు శాతం తేమ, ఏ మూల పొంచి ఉందో తెలియని మీథేను. నెత్తిన వెయ్యి మీటర్ల రాయి, దానిమీద సముద్రం. షిఫ్టు దిగి పైకొచ్చినవాళ్లు నేరుగా స్నానాల గదికి పోయేవాళ్లు. మూడు తొట్లు. మొదటి ఉప్పునీళ్ల తొట్లో బట్టలతోనే దిగాలి. రెండోదీ ఉప్పునీళ్లే. మూడో తొట్లోనే మంచినీళ్లు. మనిషి రంగు బయటపడేది అప్పుడే.

ఆ బొగ్గు మేలురకం, కోకింగ్ బొగ్గు. యవాతా ఉక్కు కర్మాగారానికి వెళ్లేది. అక్కడ అది పట్టాలైంది, ఓడలైంది, ఫిరంగులైంది. ఉత్పత్తి శిఖరానికి చేరిన ఏడాది 1941, ఆ ఒక్క ఏడే నాలుగు లక్షల పది వేల టన్నులు. ఏ ఏడాదో చూస్తేనే ఎందుకో తెలిసిపోతుంది.

ఆ బొగ్గును ఎవరు తవ్వారు? ఈ ప్రశ్న దగ్గర హషిమా కథ రెండుగా చీలుతుంది. జపాన్ యువకులు యుద్ధానికి వెళ్లగా ఖాళీ అయిన చోట్లలోకి 1939 తర్వాత కొరియా నుంచి వందల మందిని తెచ్చారు. యుద్ధం ముదిరాక చైనా నుంచి రెండు వందల మందికి పైగా వచ్చారు. కొరియన్లకు దీవి కొసన, అలల తడి ఆరని కింది అంతస్తుల గదులు. పని మాత్రం అన్నిటికంటే ఇరుకైన, లోతైన చోట్ల. పద్నాలుగేళ్ల వయసులో పట్టుకొచ్చిన ఒక కుర్రాడు పెద్దయ్యాక ఊరూరా సాక్ష్యం చెప్పాడు. సోయాగింజల పిండి కలిపిన తిండి తిని విరేచనాలతో కుంగిపోయి, పనికి రాలేనంటే దెబ్బలు తిన్నాడట. సముద్రపు గోడ మీద నిలబడి కొరియా ఉన్న దిక్కుకు చూస్తూ ఎన్నిసార్లో దూకేద్దామనుకున్నాడట. తర్వాత అతన్ని నాగసాకి ఓడల కర్మాగారానికి మార్చారు. అక్కడ 1945 ఆగస్టు 9న అణుబాంబు. బతికి బయటపడ్డాడు, ఒంట్లో రోగంతో.

దహనాలకు ఇచ్చిన అనుమతి పత్రాలు తర్వాతి కాలంలో బయటపడ్డాయి. 1925 నుంచి 1945 దాకా ఆ దీవిలో చనిపోయినవాళ్లలో 122 మంది కొరియన్లు, 15 మంది చైనీయులు. గని కూలి కొందరు, ఊపిరాడక కొందరు, నీటమునిగి కొందరు. ఈదుకుంటూ పారిపోబోయినవాళ్లు ఎదుటి ఒడ్డు చేరడం అరుదు. జపనీయులు కూడా అదే గనిలో చచ్చారు, నిజమే. అయితే వాళ్ల ఇంటివాళ్లు పక్క గదిలో ఉండి ఏడ్చారు. నకనోషిమాలో కాలిన కొరియన్ కోసం ఏడవాల్సినవాళ్లు సముద్రం అవతల ఉన్నారు, వాళ్లకు కబురే తెలియదు.

ఆ యుద్ధం చివర్లో, 1945 జూన్‌లో, తిరాంతే అనే అమెరికా జలాంతర్గామి వచ్చి దీవి పక్కన బొగ్గు ఎక్కించుకుంటున్న ఓడను టార్పెడోతో ముంచింది. దీవినే నిజం యుద్ధనౌక అనుకుని కొట్టారని ఒక కట్టుకథ పుట్టింది. శత్రువుకు గుడ్డితనం అంటగట్టి నవ్వుకోవడం ఓడిపోతున్నవాళ్లకు కాస్త ఓదార్పు.

యుద్ధం అయ్యాక కొరియన్లు, చైనీయులు వెళ్లిపోయారు. దీవికి మంచిరోజులు వచ్చాయి. దేశాన్ని మళ్లీ కట్టాలంటే ఉక్కు కావాలి, ఉక్కుకు బొగ్గు కావాలి. గని కార్మికుడి జీతం పెరిగింది. కార్మిక సంఘం బలపడింది. అద్దె లేదు, కరెంటుకూ నీళ్లకూ ఇచ్చేది నామమాత్రం. 1950ల చివర, జపాన్‌లో చాలా ఇళ్లకు టీవీ ఇంకా కలగా ఉన్నప్పుడు, ఇక్కడ దాదాపు ప్రతి గదిలో టీవీ మోగేది. మేడల నెత్తిన యాంటెన్నాల అడవి. ఆ దీవిలో అడవి అనదగ్గది అదొక్కటే.

హోదాల మెట్లు మాత్రం కాంక్రీటులోనే పోసి ఉన్నాయి. గని అధిపతిది రాయి శిఖరాన విడి ఇల్లు. పెద్ద ఉద్యోగులకు ఎండ తగిలే ఎత్తులో, గదిలోనే స్నానాల తొట్టి ఉన్న వాటాలు. గుమాస్తాలకు విడి మరుగుదొడ్డి. కార్మికులకు ఒకటీ రెండు గదులు, ఉమ్మడి మరుగుదొడ్డి, ఉమ్మడి స్నానశాల. కాంట్రాక్టు కూలీలకు పాత చీకటి గదులు. ఎవడు ఏ అంతస్తులో ఉంటాడో చెబితే వాడి జీతం చెప్పేయొచ్చు. మెట్టు ఎక్కాలంటే కంపెనీ ఎక్కించాలి. భర్త గనిలో పోతే, లేదా కొలువు మానేస్తే, గది కూడా పోతుంది.

ఇంత ఇరుకులో మనుషులు ఎలా వేగారని బయటివాళ్లకు ఆశ్చర్యం. అక్కడ పుట్టి పెరిగినవాళ్లు చెప్పే మాట వేరు. తలుపులకు తాళాలు వేసే అలవాటు లేదంటారు. అమ్మ షాపుకు వెళితే పక్కింటి పిన్ని అన్నం పెట్టేదంటారు. 1958లో కట్టిన ఏడంతస్తుల బడి, 65వ నంబరు భవనం పై అంతస్తులో శిశువిహారం, పై వసారాల్లో దాగుడుమూతలు తలుచుకుంటారు. అన్నిటికంటే వాళ్లు ఇష్టంగా చెప్పేది మన్ను సంగతి. 1960ల్లో అందరూ కలిసి ఎదుటి ఒడ్డు నుంచి మన్ను తెప్పించి, సంచులు మోసుకుంటూ తొమ్మిదంతస్తులు ఎక్కి, పైకప్పుల మీద పోశారు. కూరగాయలు వేశారు, పూలు వేశారు, వరి కూడా నాటారు. అన్నం ఎలా పండుతుందో చూడని పిల్లలకు చూపించాలని పెద్దల ఆరాటం. పచ్చదనం లేని దీవి అని ఒకప్పుడు దీని మీద సినిమా తీసిన దేశంలో, కంపెనీ ప్రమేయం లేకుండా జనం తమంతట తాము చేసుకున్న పని ఇదొక్కటేనేమో అనిపిస్తుంది నాకు.

కానీ లెక్కలు వేరేచోట మారిపోతున్నాయి. 1962లో జపాన్ ముడిచమురు దిగుమతికి తలుపులు బార్లా తెరిచింది. చమురు చవక, గొట్టంలో పారుతుంది, దాన్ని తవ్వడానికి వెయ్యి మీటర్లు దిగే మనిషి అక్కర్లేదు, వాడికి గది అక్కర్లేదు, వాడి పిల్లలకు బడి అక్కర్లేదు. దేశమంతటా గనులు ఒకదాని వెనుక ఒకటి మూతపడ్డాయి. హషిమాలో 1964లో గని లోతట్టు భాగంలో బొగ్గు తనంతట తానే అంటుకుంది. మంట ఆరకపోతే ఆ భాగాన్ని నీళ్లతో ముంచేశారు. పని దాదాపు ఏడాది నిలిచిపోయింది. జనం వెళ్లిపోవడం అప్పుడే మొదలైంది. మరుసటి ఏడు మిత్సుసె అనే కొత్త పొర దొరికి గని మళ్లీ ఊపిరి పీల్చుకుంది గానీ, వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. పైకప్పు తోటలు పచ్చబడింది కూడా ఆ ఏళ్లలోనే. కింద గని ఆరిపోతుంటే పైన జనం నారు పోశారు.

1973 అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధం వచ్చి చమురు ధర మండిపోయింది. మరుసటి జనవరి నాటికి నాలుగింతలైంది. చవక చమురును నమ్ముకుని బొగ్గును వదిలేసిన దేశం కంగారుపడింది. సరిగ్గా ఆ చలికాలంలోనే, 1974 జనవరి 15న, హషిమా బడి వ్యాయామశాలలో గని మూసివేత సభ జరిగింది. చరిత్రకు వేళాపాళా తెలియదు. 1891 నుంచి ఆ రోజు దాకా గని ఇచ్చిన బొగ్గు ఒక కోటీ 57 లక్షల టన్నులు.

అప్పటికి దీవిలో సుమారు రెండు వేల మంది ఉన్నారు. వేరేచోట కొలువులు ముందు వచ్చినవాళ్లకు ముందు అన్నట్టు పంచడంతో పరుగులు మొదలయ్యాయి. వీడ్కోళ్లకు కూడా తీరిక లేదు. ఇవాళ ఎదురింటివాళ్లు, రేపు పైవాటావాళ్లు. తరగతి గదిలో బల్లలు రోజుకు కొన్ని ఖాళీ. మెట్ల మీదుగా మోయలేని సామాను, పడవ కూలికి గిట్టని సామాను అక్కడే వదిలేశారు. ఎంతో ముచ్చటపడి దేశంలో అందరికంటే ముందు కొన్న టీవీలు, బీరువాలు, బొమ్మలు, గిన్నెలు, గోడమీది క్యాలెండర్లు. సైగా యూజీ అనే ఫొటోగ్రాఫరు ఆ ఆఖరి నెలల్ని తన కెమెరాతో పట్టుకున్నాడు, తర్వాత మళ్లీ వచ్చి అవే ఖాళీ గదుల్ని తీశాడు. చేతిలో ఉన్న పని బొగ్గు పనే కాబట్టి కొందరు కళ్లెదుటే ఉన్న తకాషిమా గనికి మారారు. 1986లో అదీ మూతపడింది. మళ్లీ మూటాముల్లె సర్దుకోవలసి వచ్చింది.

మనుషులు వెళ్లాక ఉప్పుగాలి పని మొదలుపెట్టింది. కాంక్రీటు పగుళ్లలోంచి ఉప్పు దూరి లోపలి ఇనుపచువ్వను తుప్పు పట్టించింది. తుప్పుకు ఉబ్బిన చువ్వ కాంక్రీటును లోపలి నుంచి చీల్చింది. కిటికీలు, వసారాలు, అంతస్తులు రాలాయి. 1956లోనూ తుపాను గోడను బద్దలు కొట్టింది, అప్పుడు మనుషులు వచ్చి సిమెంటు పూశారు. ఈసారి పూసేవాడు లేడు. జనం మోసుకొచ్చి పోసిన మన్నులో కలుపు బలిసింది.

2001లో కంపెనీ దీవిని తకాషిమా పట్టణానికి ఉచితంగా ఇచ్చేసింది. లక్ష యెన్లకు కొన్నది, కోటిన్నర టన్నులు తోడుకున్నాక, ఉత్తినే! 2005లో ఆ పట్టణంతో పాటు దీవి కూడా నాగసాకి నగరంలో కలిసింది. 2009లో పర్యాటకుల్ని దిగనిచ్చారు. ఇప్పుడు దక్షిణపు కొసన 220 మీటర్ల దారి, కటకటాలు, మూడు చోట్ల ఆగి చూడటానికి వీలు. సముద్రం పొంగితే పడవ దిగనివ్వరు. అక్కడ పుట్టినవాళ్లు వచ్చినా అదే దారి. నేను పుట్టిన గది అదిగో అని వేలు పెట్టి చూపించవచ్చు, వెళ్లడానికి లేదు. కొందరు మార్గదర్శకులుగా పనిచేస్తూ తమ చిన్ననాటిని వచ్చినవాళ్లకు రోజూ చెబుతున్నారు.

2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో హషిమా చేరింది, మెయ్జీ కాలపు పారిశ్రామిక విప్లవానికి గుర్తుగా, మరో ఇరవై రెండు చోట్లతో పాటు. దక్షిణ కొరియా అభ్యంతరం చెప్పింది. 1940లలో కొరియన్లనూ ఇతరులనూ వాళ్ల ఇష్టానికి విరుద్ధంగా తెచ్చి కఠినమైన పరిస్థితుల్లో పనిచేయించిన మాట నిజమేనని జపాన్ ప్రతినిధి వారసత్వ కమిటీ సభలో ఒప్పుకున్నాడు, వాళ్లను గుర్తుచేసే ఏర్పాటు చేస్తామన్నాడు. 2020లో టోక్యోలో సమాచార కేంద్రం తెరిచారు. అందులో చోటుచేసుకున్నవి, మా దీవిలో వివక్ష లేదు, అందరం కలిసి బతికాం అనే పాత నివాసుల మాటలు. ఏడాది తిరిగేసరికి, ఇచ్చిన మాట నిలబెట్టుకోలేదని వారసత్వ కమిటీ తీవ్ర విచారం వెలిబుచ్చింది.

ఆ పాత నివాసులు అబద్ధమాడుతున్నారని నేను అనను. తాళం వేయని తలుపు, పక్కింటి పిన్ని పెట్టిన అన్నం వాళ్లకు నిజం. కానీ వాళ్లు చెప్పేది తాము పిల్లలుగా ఉన్న వాటా కథ. కింది అంతస్తులో, మూడు షిఫ్టుల చీకట్లో ఏం జరిగిందో పై వసారాలో ఆడుకునే పిల్లకు ఎలా తెలుస్తుంది? తన ఊరు పోయిందన్న దుఃఖంతో ఉన్నవాడికి, ఆ ఊరు ఇంకొకడికి చెరసాల అని వినడం రెండోసారి ఊరు పోగొట్టుకున్నట్టే ఉంటుంది. అందుకే చెవులు మూసుకుంటారు. అయినా 122 పేర్లు ఎవరో ఒకరు చదవక తప్పదు.

ఇంకో చిక్కుంది. వారసత్వ లెక్క 1910తో ఆగిపోతుంది. ఆ లెక్కలోకి వచ్చేవి పాత సముద్రపు గోడలు, తొలినాటి గని ఆనవాళ్లు. 1916 నాటి 30వ నంబరు, తొమ్మిదంతస్తుల వరస, బడి, శిశువిహారం, సినిమాహాలు, కొరియన్లు పడుకున్న తడి గదులు, ఏవీ అందులోకి రావు. జనం పడవెక్కి వచ్చి ఫొటోలు తీసుకునేది ఈ మేడలనే, ప్రపంచం కాపాడతానన్నది మాత్రం వాటి కాళ్ల దగ్గరి గోడను. 2020లో వానలకు 30వ నంబరు భవనం ఒక పక్క కూలింది, గదులు బయటపడ్డాయి. నగరపాలక సంస్థ ముందు సముద్రపు గోడలను మరమ్మతు చేయిస్తోంది. గోడ పోతే దీవే పోతుందని వాళ్ల వాదన. అది నిజమే, 1897 నుంచీ నిజమే.